తెరకు కుట్టిన కాజా

తెరకు చిల్లు పెట్టినవాడే దాన్ని పూడ్చాలన్నాడు మాస్టరు. కొట్టలేదు, తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు. దారాల పెట్టె తెరిచి, తెర రంగుకు సరిపోయే దారం తానే ఏరి, సూదిలోకి తానే ఎక్కించి కుర్రాడి చేతిలో పెట్టాడు.

అదొక పొడుగాటి దర్జీ కొట్టు. వీధి వైపు రెండు కుట్టుమిషన్లు, వాటి వెనక బొత్తాలు కుట్టే బల్ల, ఆ బల్ల వెనక మట్టిరంగు తెర. తెర వెనక మాస్టరు, ఆయన కత్తెర, ఆయన సుద్దముక్క. గుడ్డ తానులా లోపలికి వెళ్లి చొక్కా ముక్కలుగా బయటికి వచ్చేది. మధ్యలో ఏం జరిగిందో దేవుడికీ మాస్టరుకీ తెలియాలి. రెండోవాడు చెప్పడు, మొదటివాణ్ణి అడిగే తీరిక ఎవరికీ లేదు.

కుర్రాణ్ణి పనిలో పెట్టేటప్పుడు తండ్రికి మాస్టరు ఇచ్చిన మాట ఒక్కటే, వీడికి కటింగ్ నేర్పిస్తానని. ఎప్పుడని తండ్రి అడగలేదు. పెద్దవాళ్లను అలా అడిగితే ఏం బాగుంటుందనుకున్నాడు. కొట్టు ఊడవడం, టీ తేవడం, మాస్టరుగారి పిల్లల్ని బడి నుంచి ఇంటికి చేర్చడం, ఇవన్నీ కటింగ్‌లో మొదటి పాఠాలేమోనని కుర్రాడు భక్తిగా చేశాడు. తాను మానేసిన బడి గేటు దగ్గరే వేరేవాళ్ల పిల్లల కోసం కాచుకుని నిలబడేవాడు. రెండో పాఠం ఎంతకీ రాలేదు. చివరికి ఒకనాడు పెద్ద సూదితో తెరలో చిల్లు పొడిచి, పెన్సిలుతో దాన్ని వెడల్పు చేసి, కన్ను ఆనించాడు.

కొన్నాళ్లు బాగానే సాగింది. కాలరు ఎలా తిరుగుతుందో, జేబు ఎక్కడ పడుతుందో ఆ చిల్లులోంచే చూశాడు. మాస్టరు చంక గుండ్రం గీస్తున్న రోజున మాత్రం సుద్ద సగంలో ఆగింది. మాస్టరు తల తిప్పి, తెరలోంచి తనను చూస్తున్న నల్లటి కంట్లోకి నేరుగా చూశాడు.

అందుకే ఈ రఫూ. చిరిగిన చోట పోగులో పోగు కలిపి చిరగనే లేదనిపించడం. కుర్రాడు రోజంతా కూర్చుని చేశాడు. వెనక దీపం పెట్టి చూసినా చుక్క వెలుతురు రాలేదు. మాస్టరు చేత్తో తడిమి చూసి, "నీ చెయ్యి మంచిదిరా. ఇకనుంచి బొత్తాలు నువ్వే చూసుకో" అన్నాడు. కుర్రాడు పొంగిపోయాడు. తన కిటికీ తానే మూసుకుని, బాగా మూశావని శభాష్ అనిపించుకున్నవాడు ఆ వీధిలో అతనొక్కడే.

బొత్తాలే చూసుకున్నాడు. బొత్తాలు, వాటికి కాజాలు. కాజా అంటే బొత్తం దూరే కన్నం. దాని అంచు చుట్టూ దగ్గర దగ్గరగా దారం చుట్టకపోతే నాలుగు ఉతుకులకే పీచు లేస్తుంది. అతను కుట్టిన కాజా చొక్కా చిరిగిపోయాక కూడా మిగిలేదని చెప్పుకునేవారు. అతనికి మీసం వచ్చింది, పెళ్లయింది, మీసం నెరిసింది. "వచ్చే ఏడు చూద్దాంరా" అని ఏటా చెప్పే మాస్టరు ఒక ఏడు తానే కనిపించకుండా పోయాడు. పోతూ పోతూ కటింగ్ కూడా వెంట తీసుకుపోయాడు. కొట్టు మూతపడింది. బొత్తాల బాబాయి అన్న పేరు మాత్రం అతనికి మిగిలింది. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో చేరినప్పుడు ఆ పేరు అతనికంటే ముందే వెళ్లి అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుంది.

మాస్టరు నీకు అన్యాయం చేశాడని ఎవరైనా అంటే బాబాయికి ఒళ్లు మండేది. అన్యాయమేంటి, అది పద్ధతి అనేవాడు. ఆయన గురువు ఆయనకూ చెప్పలేదు. మాస్టరే నిచ్చెనెక్కి వెంటిలేటర్లోంచి చూసి నేర్చుకున్నాడట. నోరు తెరిచి చెప్పేవన్నీ మాటలేననీ, దాచేదొక్కటే విద్య అనీ బాబాయికి గట్టి నమ్మకం. చూస్తూ దొరికిపోవడం తన చేతకానితనం, అంతే. జీవితమంతా తొక్కిపెట్టినవాణ్ణి వెనకేసుకొచ్చేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. బాబాయి ఆ పని ఎవరి మెప్పూ కోరకుండా చేసేవాడు, అదొక్కటే తేడా.

ఒక రోజున కార్ఖానాలోకి బొత్తాలు కుట్టే మిషను వచ్చింది. బాబాయి కళ్లజోడు సర్దుకునేలోపు అది ఒక చొక్కా ముగించి రెండో చొక్కా అడిగేది. యజమాని చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే తిట్టుకునైనా ఊరట పడేవాళ్లం. కటింగ్ బల్ల దగ్గర ఒక మనిషి కావాలనీ, ఊళ్లో శిక్షణ కేంద్రం వాళ్లు కాగితం మీద అచ్చు గీసి కోయడం నేర్పుతున్నారనీ, నేర్చుకుని వస్తే ఆ బల్ల బాబాయిదేననీ చెప్పాడు. నేర్చుకోలేకపోతే ఏమవుతుందో చెప్పలేదు. మిషను వైపు చూసి ఊరుకున్నాడు.

బాబాయి భార్యది ఆసుపత్రిలో దుప్పట్లు మడతపెట్టే పని. నోరు మాత్రం మడతపెట్టడం రాదు. విషయం విని ఆవిడ నవ్వలేదు, అదే విశేషం. పాత సంచి దులిపి, అందులో కళ్లజోడు పెట్టి, "వెళ్లు. ఈసారైనా ఎదురుగా కూర్చో" అంది.

శిక్షణ కేంద్రం ఒక పాత భవనంలో పై అంతస్తు. బాబాయి మొదటి రోజు అందరికంటే ముందు వెళ్లి గది ఊడ్చాడు, బల్లలు తుడిచాడు, కత్తెరలు వరసగా పేర్చాడు. తర్వాత గుమ్మం పక్కన చేతులు కట్టుకుని, ఏ పని పురమాయిస్తారా అని నిలబడ్డాడు. గది బాగానే ఉంది. పెద్ద కిటికీలు, పొడవాటి బల్లలు, గోడకో నల్లబల్ల. ఒక్కటే లోటు, గదిలో ఎక్కడా తెర లేదు.

నేర్పే ఆవిడ వచ్చింది. బాబాయికి కూతురుంటే ఆ వయసే ఉండేది. మెడలో టేపు, కొప్పులో పెన్సిలు. అందరూ మేడం అంటుంటే బాబాయీ మేడం అన్నాడు. ఆవిడ ఊడ్చిన గదిని చూసి నొచ్చుకుంది. ఊడవడానికి వేరే మనిషి ఉన్నాడనీ, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు నేర్చుకుంటే చాలనీ చెప్పి అతన్ని ముందు వరసలో కూర్చోబెట్టింది. టీ తెమ్మంటారా అని అడిగితే, తాను ఫ్లాస్కులో తెచ్చుకుంటానంది. బాబాయికి కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఊడవకుండా, టీ తేకుండా మొదటి ఏడాది ఎలా గడుస్తుంది?

ఆపైన ఇంకో పిడుగు. ఏ సందేహమున్నా అడగమంది, ఎన్నిసార్లడిగినా చెప్తానంది. ఆ మాట మీదే నల్లబల్ల మీద చొక్కా మొత్తం గీసి పడేసింది. కాలరు, భుజం, చంక గుండ్రం, చెయ్యి. ఏ చంక గుండ్రం దగ్గర మాస్టరు సుద్ద ఆగిపోయిందో, దాన్ని ఈ పిల్ల గంట మోగేలోపు అందరి ముందూ గీసి, తుడిచి, మళ్లీ గీసింది.

ఆ సాయంత్రం చొక్కా విప్పుతూ భార్యతో అన్నాడు, "పాపం, మంచి పిల్లే. కానీ ఏమీ రాదు."

"రాకుండానే కూర్చోబెట్టి జీతమిస్తున్నారా?"

"అయితే వచ్చు. వచ్చి కూడా చెప్పడం లేదు. పైపైది అందరికీ పంచిపెట్టి అసలుది దాచుకుంటోంది." గొంతులో గౌరవం నింపుకుని అన్నాడు, "ఎంత గట్టిదో చూడు. తెర కూడా లేకుండా దాస్తోంది."

మర్నాటినుంచి బాబాయి వేట మొదలుపెట్టాడు. మేడం పాఠం చెప్తున్నంతసేపూ కిటికీలోంచి పావురాల్ని చూసేవాడు. పాఠం ముగిసిందనగానే అతని కళ్లు బల్లి కళ్లయ్యేవి. ఆవిడ కోసే ముందు గ్లాసెడు నీళ్లు తాగుతుందని పట్టుకున్నాడు. స్కేలుతో బల్ల మీద రెండుసార్లు కొడుతుందనీ, కత్తెర పట్టేముందు పెన్సిలు తీసి కొప్పులో గుచ్చుకుంటుందనీ కనిపెట్టాడు. నోట్లో ఏదో గొణుక్కుంటుంది, అది మాత్రం ఎంత చెవులు రిక్కించినా వినబడలేదు. అసలు కీలకం అందులోనే ఉందని నిశ్చయించుకున్నాడు.

పక్క బల్ల అమ్మాయిది ఇంకో రకం జబ్బు. కాలేజీలో చదివిందట. పాఠం చెప్పినది చెప్పినట్టు అప్పజెప్పితే చాలనే నమ్మకంతో వచ్చింది. మేడం నోటివెంట వచ్చినదల్లా, చివరికి దగ్గుతో సహా, బుద్ధిగా వల్లె వేసేది. కత్తెర చేతికిస్తే మాత్రం ఎటు కోయాలో తెలిసేది కాదు. ఆ అమ్మాయి చూపంతా మేడం నోటి మీద, బాబాయి చూపంతా నోరు తప్ప మిగతా అన్నిటి మీద. ఎవరి బడిని వాళ్లు ఇంటి దగ్గర్నించే కట్టుకుని తెచ్చుకున్నారు. మేడం నడిపే బడిలోకి ఇంకా ఎవరూ అడుగు పెట్టలేదు.

మొదటి పరీక్షకు చొక్కా కోయమన్నారు. బాబాయి నిండు గ్లాసు నీళ్లు తాగాడు. స్కేలుతో బల్ల మీద రెండు దెబ్బలు కొట్టాడు. తలలో కొప్పు లేదు గనక పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. ఏం గొణగాలో తెలియక, మాస్టరుగారి పిల్లల కోసం బడి గేటు దగ్గర కాచుకున్న రోజుల్లో విన్న ఎక్కాలు గొణిగాడు. తర్వాత ధైర్యంగా కోశాడు. కుట్టి బొమ్మకు తొడిగితే, చేతులు రెండూ పైకెత్తి పోలీసులకు లొంగిపోయిన దొంగలా నిలబడింది చొక్కా. బొత్తాలు, కాజాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి.

గది గదంతా పగలబడి నవ్వింది. మేడం నవ్వు ఆపుకుని దగ్గరికి వచ్చి అడిగింది, "బాబాయిగారూ, ఈ నీళ్లు తాగడమేంటి?"

"మీరు తాగుతారు కదమ్మా."

"పొద్దున్నుంచి అరిచి అరిచి నా గొంతు ఎండిపోతుంది. అందుకు తాగుతాను."

"అలాగేలెండి" అన్నాడు బాబాయి, ఇంత తేలిగ్గా నిజం చెప్పేస్తుందా అన్నట్టు తల పంకిస్తూ. "మరి బల్ల మీద కొడతారే, అది?"

"కూర్చుని నిద్రపోయేవాళ్లు లేస్తారని."

"సరేనమ్మా. ఆ గొణిగేది?"

మేడం జవాబు చెప్పబోయి మానుకుంది. ఈ మనిషికి చెప్పేకొద్దీ తలుపులు మూసుకుంటున్నాయని ఆవిడకప్పుడే తట్టి ఉండాలి. ఇవన్నీ ఎక్కడ నేర్చుకున్నారని మెల్లగా అడిగింది. బాబాయి పొంగిపోయి తెర కథ చెప్పాడు. చిల్లు, నల్లటి కన్ను, రఫూ, అన్నీ. ఏదో బిరుదు అందుకున్న సంగతి చెప్పినట్టు చెప్పాడు. విన్న అమ్మాయిలు నవ్వడం మరిచిపోయారు. అదెందుకో బాబాయికి అర్థం కాలేదు.

శిక్షణ ముగిసేనాటికి యజమాని స్వయంగా వస్తాడనీ, తన కళ్లెదుట బాబాయి కోసి చూపించాలనీ కబురొచ్చింది. మేడం ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ గొంతులోనే ఎక్కువ దిగులు వినబడింది. బాబాయి ఆ రోజు కళ్లజోడు ఇంట్లో మరిచిపోయాడు. అది ఇవ్వడానికి భార్య మధ్యాహ్నం శిక్షణ కేంద్రానికి వచ్చింది. మేడం ఆవిడతో మెట్ల మీద నిలబడి చాలాసేపు మాట్లాడింది. బాబాయి దగ్గరికి వెళ్లేసరికి ఇద్దరూ చటుక్కున ఆపి వాతావరణం గురించి ఎత్తుకున్నారు. తన చూపు గురించి అనుకుంటున్నారేమో అనుకున్నాడు.

తర్వాతి వారం గదిలోకి అడుగుపెట్టిన బాబాయి గుమ్మంలోనే ఆగిపోయాడు. మూలన, మేడం బల్లకు అడ్డంగా, పైనుంచి కిందిదాకా పచ్చటి తెర.

మేడం ముఖం గంటు పెట్టుకుని ఉంది. "బాబాయిగారూ, ఇవాళ్టి కటింగ్ మీకు కాదు. మీకు ఇంకా టైముంది. కిందికి వెళ్లి నాకు టీ తీసుకురండి. తొందరేం లేదు" అంది. అనేసి కత్తెర తీసుకుని తెర వెనక్కి వెళ్లిపోయింది.

బాబాయి కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లకు అసలైన బడి మొదలైంది. ఒక్క పరుగున మెట్లు దిగి, మరుగుతున్న టీ మరిగినంత చాలని తొందరపెట్టి, ఒలకబోసుకుంటూ పైకొచ్చి, గ్లాసు కిటికీలో పెట్టి, పిల్లిలా తెర పక్కకు చేరాడు. అమ్మాయిలంతా తలలు వంచుకుని మహా శ్రద్ధగా కుట్టుకుంటున్నారు. వాళ్ల భుజాలు కదులుతున్న సంగతి అతను గమనించే స్థితిలో లేడు. తెరకూ గోడకూ మధ్య సందు ఉంది. కన్ను ఆనించాడు.

లోపల మేడం గూని మనిషికి చొక్కా గీస్తోంది. వీపు భాగం పైకి పెంచి, ముందు భాగం తగ్గించి, భుజం గీత కాస్త ముందుకు జరిపి. గీస్తూ తనలో తాను అనుకుంటున్నట్టు అన్నీ పైకి గొణుగుతోంది. మామూలుగా వినబడని ఆ గొణుగుడు ఇవాళ చిత్రంగా వీధి దాకా వినబడుతోంది. ఆ ఒక్క పూటలో బాబాయికి ఎక్కినంత, అన్ని వారాల నల్లబల్లలో ఎక్కలేదు. సాయంత్రం ఇంట్లో పాత పేపరు పరిచి గీస్తే గీత గీతకు కలిసింది. భార్య వంగి చూసి, "నేర్పిందా?" అంది. "ఆవిడెందుకు నేర్పుతుంది? నేనే కొట్టేశాను" అన్నాడు బాబాయి. ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

రోజూ ఒక టీ, రోజూ ఒక దొంగతనం. ప్యాంటు నడుము, స్కూలు గౌను మడతలు, కోటు కాలరు. కొన్నాళ్లకు సందు సరిపోక మెడ పట్టేసింది. అప్పుడే తెర మధ్యలో ఒక చిల్లు కనిపించింది. తెరకు చిల్లు పడటం వింత కాదు. బాబాయి ఆబగా వంగి కన్ను పెట్టబోయాడు.

పెట్టబోయి ఆగాడు. గుడ్డ మధ్యే బతుకంతా గడిపినవాడి వేలు, కన్ను చూసేలోపే అంచును తడిమింది. పాతబడి చిరిగిన చిల్లుకు అంచు పీచు లేచి ఉంటుంది. పురుగు కొట్టిన చిల్లు వంకరటింకరగా ఉంటుంది. ఇది గుండ్రంగా, నున్నగా, పోగు కదలకుండా ఉంది. మంచి పదునున్న కత్తెరతో, నిన్నో మొన్నో, కావాలని కోసిన కన్నం. ఇంత పదునున్న కత్తెర ఈ గదిలో ఒక్కటే ఉంది. అది తెరకు అవతల ఆడుతోంది.

అప్పుడు అతను తెరనే చూశాడు. ఇన్నాళ్లూ దాని సందులు చూశాడు గానీ గుడ్డను చూడలేదు. పచ్చటి నూలు, గంజి వాసన, కింది అంచున సగం చెరిగిపోయిన ముద్ర. ఆసుపత్రిలో మంచానికీ మంచానికీ మధ్య కట్టే తెర. ఆ వాసనతోనే రోజూ సాయంత్రం అతని భార్య ఇంటికి వస్తుంది.

బాబాయి వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. మెట్ల మీది వాతావరణం, వంటింట్లోకి పోయిన కొంగు, ఊగే భుజాలు, వీధి దాకా వినబడే గొణుగుడు, అన్నీ వచ్చి వరసలో నిలబడ్డాయి. ముందు చెవులు ఎర్రబడ్డాయి. ఇంత వయసొచ్చి ఆడపిల్లల ముందు కోతిలా ఆడానా అనిపించింది. తెర లాగిపారేసి, సంచి భుజానేసుకుని పోదామనుకున్నాడు.

కానీ అతని వేలు ఇంకా ఆ అంచు మీదే ఉంది. ఒకాయన చిల్లు మూయించాడు. ఈ పిల్ల, మంచి గుడ్డ పాడుచేసి, తన కోసం చిల్లు కోసింది. అతని కోసం ఎవరైనా ఏదైనా కోయడం ఇదే మొదలు. పైగా లోపల కోటు చంక మొదలైంది.

చిల్లుకు కన్ను ఆనించాడు. చిల్లు బెత్తెడు కిందుగా ఉంది. మోకాళ్లు వంచి, నడుము వంచి చూడాల్సి వచ్చింది. చూశాడు. ఆపైన కూడా రోజూ టీ తెచ్చాడు, దొంగలా నక్కాడు, కొట్టేశానని భార్యకు గొప్పలు చెప్పుకున్నాడు. ముగ్గురిలో ఎవరు ఎవర్ని ఆటపట్టిస్తున్నారో తేల్చిచెప్పడం కష్టం.

యజమాని వచ్చిన రోజున మొట్టమొదట తెర పోయింది. "ఇదేంటి, ఆసుపత్రా?" అని ఆయనే తీయించి మడతపెట్టించాడు. తనతో కార్ఖానా గేటు దగ్గర ఉండే కాపలా ముసలాయన్ని తీసుకొచ్చాడు. ఆయనది వంగిన వీపు. ఏ యూనిఫారం తొడిగినా వెనక పైకి లేచి నడుము కనబడుతుంది, ముందు వేలాడుతుంది. ఈ వీపు మీద కూర్చునే చొక్కా కోస్తే బల్ల నీదేనన్నాడు యజమాని. ఎవరూ సాయం చేయొద్దని మేడం వైపు చూసి మరీ చెప్పాడు.

బాబాయి కొలతలు తీసుకున్నాడు. కాగితం పరిచాడు. కిటికీల నిండా వెలుతురు, చుట్టూ మనుషులు, ఎదురుగా తెల్లగా మెరిసే కాగితం. దాచినదేమీ లేదు. అంతే, బుర్రలో ఒక్క గీత లేదు. వీపు పెంచాలా, ముందు పెంచాలా? నల్లబల్ల గుర్తుకు తెచ్చుకుందామంటే పావురాలే గుర్తుకొచ్చాయి. యజమాని గడియారం చూసుకున్నాడు. మూల బల్ల మీద బొత్తాల మిషను నవ్వుతున్నట్టు అనిపించింది, అది ఆ గదిలో లేకపోయినా. మేడం పెదవి కొరుక్కుంటోంది, చూపు మాత్రం కుర్చీ మీద మడతపెట్టిన పచ్చ తెర మీద ఉంది.

బాబాయి ఎడమ చెయ్యి ముడిచి పిడికిలి చేశాడు. మధ్యలో కాస్త సందు వదిలాడు. ఆ సందును కంటికి ఆనించి, రెండో కన్ను గట్టిగా మూసి, మోకాళ్లు వంచి, నడుము వంచి కాగితం వైపు చూశాడు.

వచ్చేసింది. గంజి వాసనతో సహా వచ్చింది. వీపు పైకి, ముందు కిందికి, భుజం గీత ముందుకు. జారిపోతున్న స్కేలును మోచేత్తో అదిమిపెట్టి, పిడికిలి కంటి మీంచి తీయకుండా, కుడిచేత్తో గీసుకుంటూ పోయాడు. మాస్టరు సుద్ద ఆగిన చంక గుండ్రం దగ్గర అతని పెన్సిలు ఆగలేదు.

యజమాని మేడం దగ్గరికి జరిగి, "ఆయన కంటికి ఏమైనా..." అని నసిగాడు.

"అది పద్ధతి సార్" అంది మేడం, ముఖంలో రేఖ కూడా కదలకుండా.

చొక్కా కుట్టి తొడిగేసరికి ముసలాయన వీపు మీద అది ఇంట్లో మనిషిలా కూర్చుంది. ఆయన వంగి కింద పడ్డ గుండుసూది తీసినా నడుము కనబడలేదు. యజమాని వెనక్కి తిప్పి చూశాడు, ముందుకు తిప్పి చూశాడు. సోమవారం నుంచి కటింగ్ బల్ల దగ్గరికి రమ్మన్నాడు. పక్క బల్ల అమ్మాయి ఎవరూ చూడకుండా తన పిడికిలి ఒకసారి కంటికి ఆనించి చూసుకుంది.

ఆ సాయంత్రం బాబాయి భార్యను ఒక్కటే అడిగాడు, ఆసుపత్రిలో తెరలేమైనా తక్కువయ్యాయా అని. దుప్పట్ల లెక్కే తేలి చావదు, తెరల సంగతి ఎవడిక్కావాలంది ఆవిడ.  అన్నం తింటున్నంతసేపూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఉండటానికి ఇద్దరూ చాలా కష్టపడాల్సి వచ్చింది.

తర్వాత ఏడాదికి మేడంకు వేరే ఊరి కేంద్రానికి బదిలీ అయింది. వెళ్లేముందు బాబాయిని చూసి పోదామని కార్ఖానాకు వచ్చింది. కటింగ్ విభాగంలోకి అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. బాబాయి బల్లకు ఒక పక్కన అదే పచ్చ తెర వేలాడుతోంది. శిక్షణ కేంద్రం వాళ్లు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడట. తెరకు ఇవతల కొత్తగా చేరినవాళ్లు ఇద్దరు, ఒకరు నిక్కి, ఒకరు నిటారుగా నిలబడి, కన్నాలకు కళ్లానించి ఉన్నారు. అవతల బల్ల పక్కనే ఇంకో ముగ్గురు, ఏ అడ్డూ లేకుండా బాబాయి చెయ్యి చూస్తూ, అడిగిందే అడుగుతూ విసిగిస్తున్నారు.

"మీరూనా బాబాయిగారూ?" అంది మేడం. ఆవిడ గొంతులో నవ్వు కంటే బాధే ఎక్కువ వినబడింది.

బాబాయి కత్తెర కింద పెట్టి బయటికి వచ్చాడు. అడ్డం పెట్టి ఏమీ దాచడం లేదనీ, మూడు పక్కలూ తెరిచే ఉన్నాయనీ చూపించాడు. ఎదురుగా చెప్తే వినేవాళ్లు అటు నిలబడతారట. అలా చెప్తే నమ్మని మహానుభావులు ఉంటారట, ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరో ఇద్దరో. వాళ్ల కోసం ఇటు. నమ్మకం కుదిరాక వాళ్లే తెర చుట్టూ తిరిగి అటువైపుకు వచ్చేస్తారని చెప్పాడు. ఎవరి తొందర వాళ్లది.

మేడం దగ్గరికి వెళ్లి చూసింది. తెరకు మూడు కన్నాలు, మూడు ఎత్తుల్లో. ప్రతిదాని అంచు చుట్టూ దగ్గర దగ్గరగా దారం చుట్టి ఉంది, చొక్కా చిరిగినా చిరగని కాజా. ఎవరూ వాడని కింది కన్నం దగ్గర ఆవిడ వేలు ఆగింది. ఆ కన్నం ఆవిడకు బాగా తెలుసు.

"అంటే, ఇది నేను కోశానని మీకు..."

బాబాయి కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. అదే వాళ్లిద్దరూ ఆఖరుసారి కలవడం. అప్పుడు అతనన్న మాట ఇది.

"పచ్చి అంచు అలా వదిలేస్తే పీచు లేస్తుందమ్మా, అందుకే కుట్టాను. అక్కడ మళ్లీ ఎవరికైనా కన్నం కోయాల్సొస్తే ముందు మనిషి కొలత తీసుకోండి. నాకు బెత్తెడు కిందకి కోశారు. మీరు నేర్పిన గూని చొక్కా మొదట నాకే కుట్టుకోవాల్సొచ్చింది."